డైనింగ్ టేబుల్ మీద వంతెన కాపలా

నేను యుద్ధంలో పాల్గొన్నాను. జూన్ నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఫ్లాట్‌లోని డైనింగ్ టేబుల్ మీద. నాకు ఎడమపక్క ఆవకాయ జాడీ, కుడిపక్క బీపీ మాత్రల డబ్బా, ఎదురుగా పేరు తెలియని ఒక మంచుకొండల దేశం. అప్పటికి నా వయసు యాభై రెండు. నా మోకాళ్ళ వయసు డెబ్బై దాటి ఉంటుంది.

ఈ యుద్ధానికి కారకుడు మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు, నలభై రెండేళ్ళ వాడు, మా సొసైటీలోనే ఎదురు టవర్లో ఉంటాడు. ఉద్యోగం గురుగ్రామ్‌లో. అంటే వారానికి ఐదు రోజులు తెల్లారగానే క్యాబ్ ఎక్కి, ఢిల్లీ మహానగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చీల్చుకుంటూ పోయి, సాయంత్రం మళ్ళీ చీల్చుకుంటూ వస్తాడు. దుమ్ము, పొగ, హారన్లు, అడ్డం వచ్చే ఆవులు, తప్పుదారిలో ఎదురొచ్చే ట్రాక్టర్లు. ఇంతకంటే నిజమైన యుద్ధం తయారుచేయగల కంపెనీ ప్రపంచంలో లేదు. అయినా ఆ మానవుడికి తృప్తి లేదు. ఆదివారం వచ్చేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకీ పట్టుకుంటాడు.

తుపాకీ ఆటలు నాకు కొత్తేం కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు ఆడేది, నేను వెనక నిలబడి సలహాలిచ్చేవాణ్ణి. అందులో మనిషి చచ్చిపోతే మూడు సెకన్లలో లేచి మళ్ళీ పరిగెత్తేవాడు. మా బావమరిది ఆడేది ఆ జాతి కాదు. 'అచ్చం మిలిటరీ లాగే ఉంటుంది బావగారూ' అంటాడు కళ్ళు పెద్దవి చేసి. అచ్చం అంటే ఎంత అచ్చం అనుకున్నారు. బ్యాగులో ఒక్క బుల్లెట్ ఎక్కువైతే ఆటలో మనిషికి ఆయాసం వస్తుంది. వాగు దాటితే బూట్లు తడిసి నడక మందగిస్తుంది. నలభై ఐదు నిమిషాలు కొండ ఎక్కాలి. ఎక్కాక, ఎక్కడో కిలోమీటరు దూరంలో పొదలో పడుకున్నవాడు కొట్టిన గుండు తగిలి, వాడి మొహం కూడా చూడకుండా చచ్చిపోవాలి. ఆ తర్వాత ఆట అయ్యేదాకా నల్లటి తెరని చూస్తూ శవంలా కూర్చోవాలి. దీన్ని వీళ్ళు వినోదం అంటారు. మా డిపార్టుమెంటులో దీన్నే ప్రమోషన్ కోసం ఎదురుచూడటం అంటారు. ఇరవై ఏడేళ్ళుగా నేను దాన్ని ఉచితంగా అనుభవిస్తున్నాను.

ఒకసారి వాడి ఫ్లాట్‌కి వెళ్ళాను, ఇడ్లీ పిండి ఇవ్వడానికి. వాడి భార్య పిల్లల్ని తీసుకుని సెలవులకి హైదరాబాద్ వెళ్ళింది, కాబట్టి అడ్డుచెప్పేవాళ్ళు లేరు. బయట నలభై నాలుగు డిగ్రీలు. కాకులు కూడా నీడ కోసం పార్కింగ్‌లో నిలబడ్డాయి. తలుపు తీయగానే లోపలి నుంచి హిమాలయం నా మీద పడింది. ఏసీ పదహారు మీద ఉంది. వాడు ఉన్ని స్వెటరు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులకి గ్లౌజులు తొడుక్కుని, రెండు పెరుగు గిన్నెలంత హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. కూర్చున్న కుర్చీ ఎలాంటిదంటే, దానికి రెక్కలు పెడితే పాలం విమానాశ్రయంలో దిగడానికి అనుమతి దొరుకుతుంది.

"జ్వరమా?" అన్నాను.

"కాదండి. ఆటలో మంచు కురుస్తోంది. ఇమ్మర్షన్ కోసం."

"అంటే?"

"మునిగిపోవడం బావగారూ. మనం ఇక్కడ లేం, అక్కడే ఉన్నాం అనిపించాలి."

ఇడ్లీ పిండి గిన్నె వాడి చేతిలో పెట్టాను. గ్లౌజులు జారి, సగం పిండి మంచుకొండ మీద పడింది. నేను ఇంటికొచ్చి నవ్విన నవ్వుకి పైఅంతస్తు వాళ్ళు గార్డుకి ఫోన్ చేశారు. కింద షాపులోంచి అరడజను అరటిపళ్ళు తెచ్చుకోవడానికి కూడా యాప్‌లో ఆర్డర్ పెట్టే మనిషి, వీపు మీద ముప్పై కిలోల బ్యాగేసుకుని కొండెక్కుతున్నాడట. ఇదంతా మా ఆవిడకి యాక్షన్‌తో సహా చేసి చూపించాను. ఆవిడ నవ్వలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా అంది.

"వాడికి ఆఫీసులో పద్నాలుగు మంది ఉండేవాళ్ళు కదండీ, వాడి కింద."

"ఉంటే?"

"మార్చిలో అందర్నీ తీసి వేరేవాళ్ళకి ఇచ్చేశారు. జీతం అంతే, కుర్చీ అదే. కింద మాత్రం ఒక్కరూ లేరు. మొన్న ఏమన్నాడో తెలుసా. అక్కా, సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను గుడ్ మార్నింగ్ అంటే ఎవరూ తల ఎత్తట్లేదు, ఆదివారం నాడు పడుకోండి అంటే ఆరుగురు నేల మీద పడుకుంటున్నారు అన్నాడు."

కింద ఎవరూ లేకపోవడం అంటే మా ఆఫీసులో స్వర్గారోహణ. సంతకం పెట్టాల్సిన సెలవు చీటీలు ఉండవు, వినాల్సిన ఏడుపులు ఉండవు. ఆ మాటే అన్నాను. ఆవిడ చిక్కుడుకాయ ఈనె లాగిన తీరు చూసి, మిగతాది మింగేశాను.

ఆ ఆరుగురూ ఎవరంటే, ఢిల్లీ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు మగవాళ్ళు. అందరూ నలభై అటూ ఇటూ. ఆటలో పేర్లు ఉండవు, నంబర్లే. మా వాడు ఒకటో నంబరు, కమాండర్. మూడో నంబరు వరంగల్ ఆయన, దళానికి వైద్యుడు. నిజజీవితంలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో జనం పెట్టుకున్న ఆసుపత్రి క్లెయిములు తిరస్కరించడం ఆయన ఉద్యోగం. ఆదివారాలు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడన్నమాట. ఎనిమిదో నంబరుకి పుణె బదిలీ అయి, ఆదివారాలు కూడా డ్యూటీ పడింది. అక్కడే వచ్చింది చిక్కు.

ఇలాంటి దళాలన్నిటినీ కలిపే ఒక పెద్ద లీగు ఉందట. అందులో ఉండాలంటే తనిఖీ జరుగుతుందట. ఎనిమిది మంది ఉండాలి, రెండు గంటల పాటు ఆపరేషన్ నడపాలి, కమాండర్ మాటని దళం ఎంత వింటుందో ఒక పరిశీలకుడు చూసి మార్కులు వేస్తాడు. తప్పితే దళం రద్దు. మనుషుల్ని తలా ఒక దళానికి పంచేస్తారు. కమాండర్ కూడా ఇంకొకడి కింద మామూలు సిపాయి.

"మళ్ళీ పంచేస్తారుట," అంది మా ఆవిడ. "ఆ ఆరుగుర్ని కూడా."

"అయితే?"

"అయితే ఏముంది. ఎనిమిదో మనిషి మీరే. చెప్పేశాను వాడికి."

ఇది మా ఇంట్లో సంప్రదింపులు జరిగే పద్ధతి.

గురువారం సాయంత్రం వాడు పాత కంప్యూటర్ మోసుకొచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. వైర్లు పరిచాక, పళ్ళేలు పెట్టుకోవడానికి జానెడు జాగా కూడా మిగల్లేదు. ట్రైనింగ్ మొదలైంది. నేను ఆటలో కాలు పెట్టీ పెట్టగానే గోడకి గుద్దుకుని, ఆ గోడనే పది నిమిషాలు నెడుతూ నడిచాను.

"బావగారూ, మీకు ఇబ్బంది లేకపోతే కాస్త కుడివైపుకి తిరుగుతారా?"

"ఎంత?"

"మీ ఇష్టమండి. మీకు ఎంత వీలైతే అంత."

ఈలోపు ఎవడో కాల్చి నన్ను చంపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాం. "బావగారూ, ఏమనుకోకుండా కొంచెం పడుకుంటారా?" చచ్చాను. "బావగారూ, మీరు కాల్చదలుచుకుంటే ఇప్పుడు కాల్చవచ్చండి." చచ్చాను. మర్యాదకి నేను ఆ సాయంత్రం పదకొండుసార్లు బలయ్యాను.

దీని వెనక చరిత్ర ఉంది. మా పెళ్ళినాటికి వీడికి పదహారేళ్ళు. వాళ్ళ అక్క దోసిట్లో పేలాలు పోసింది వీడే. అలకపాన్పు నాడు, కొత్త పెళ్ళికొడుకు అలిగి మంచమెక్కి కూర్చోవడం, అత్తవారు బతిమాలి దింపడం మా వైపు ఒక సరదా. నేను మంచమెక్కాను, వాచీ ఇస్తేగానీ దిగనన్నాను. మామూలుగా అది అరగంట ముచ్చట. నేను మధ్యాహ్నం భోజనాల నుంచి దీపాలు పెట్టేవేళ దాకా దిగలేదు. మా మామగారికి విసుగొచ్చి పక్కకెళ్ళి చుట్ట ముట్టించుకున్నారు. బతిమాలడానికి ఈ కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. పాపం వాడు నిక్కరు లాక్కుంటూ, 'దిగండి బావగారూ, ప్లీజ్ బావగారూ, మీకు పుణ్యం ఉంటుంది బావగారూ' అని ఆరు గంటలు జపం చేశాడు. చివరికి తన చేతి వాచీ విప్పి ఇచ్చాడు. అది ఆడవట్లేదని మర్నాడు తెలిసింది. అప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళుగా వాడు నాతో మాట్లాడటం, బతిమాలడం ఒకటే. నేను దిగకపోవడమూ అంతే.

"చూడు," అన్నాను, మౌస్ పక్కనపెట్టి. "మా సెక్షన్లో కాగితాలు రెండు రకాలు. ఫలానాది చేయవలసిందిగా కోరడమైనది అని వస్తే, అది అడుగుకి వెళ్తుంది. అడుగున ఉన్నవాటిలో కొన్నిటికి నాకంటే సర్వీసు ఎక్కువ. ఆదేశించడమైనది అని వస్తే ఆ పూటే కదులుతుంది. నువ్వు కోరుతున్నావు. నేను కదలను."

"మీకు నేను ఆర్డరేస్తే బాగోదండి."

"నన్ను పదకొండుసార్లు చంపించడం బాగుందా?"

వంటింట్లోంచి మా ఆవిడ, "అలకపాన్పు మళ్ళీ ఎక్కారా మీ బావగారు?" అంది. వాడు నవ్వాడుగానీ, జేబులోంచి మంకీ క్యాప్ తీసి చేతుల్లో నలుపుకుంటూ ఉండిపోయాడు. ఆఫీసులో కూడా వీడు ఇలాగే కోరి ఉంటాడని, ఆ పద్నాలుగు మందీ అడుగున పెట్టి ఉంటారని నాకు తోచింది. పైకి అనలేదు. నేను చెడ్డవాణ్ణేగానీ, అంత చెడ్డవాణ్ణి కాదు.

ఆదివారం వచ్చింది. మా పని ఒక వంతెన కాపాడటం. ఒక గంటా యాభై నిమిషాల తర్వాత మావాళ్ళ లారీలు ఆ వంతెన దాటి పోతాయి. ఆ తర్వాత మ్యాపులున్న పెట్టె ఒకదాన్ని కొండ వెనక ఆగి ఉన్న ట్రక్కుకి చేర్చాలి. అక్కడితో ఆపరేషన్ పూర్తి. ఎదుటి పక్షం నోయిడా దళం. పరిశీలకుడు ఫరీదాబాద్ ఆయన, ఆటలో దెయ్యంలాగా గాల్లో తేలుతూ అందర్నీ చూస్తుంటాడు, అందరి మాటలూ వింటుంటాడు. గొంతు మెట్రో అనౌన్స్‌మెంటులా ఉంది. అందరికీ నమస్తే చెప్పి, "కమాండర్ సాబ్, ఆజ్ డిసిప్లిన్ దేఖేంగే," అన్నాడు. ఇవాళ మా క్రమశిక్షణ చూస్తాడన్నమాట.

నన్ను వంతెన కింద, వాగు ఒడ్డున, ఒక పొదలో కూర్చోబెట్టాడు మా వాడు. మ్యాపుల పెట్టె నా వీపుకే తగిలించాడు. దళం మొత్తంలో కదలడని నమ్మకమున్న మనిషిని నేనొక్కణ్ణే.

"నేను చెప్పేదాకా ఇక్కడే ఉండండి బావగారూ."

ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నాకు బాగా అర్థమైన వాక్యం అదొక్కటే. తదుపరి ఉత్తర్వుల వరకు. ఉన్నాను.

ఇక మా వీరులు రాలిపోయిన విధం చెప్పాలి. ఈ ఆటలో ఒక దిక్కుమాలిన వాస్తవికత ఉంది. మైకులో మన చుట్టూ వినిపించే ప్రతి శబ్దమూ, ఆటలో దగ్గర్లో నక్కి ఉన్న శత్రువుకి కూడా వినిపిస్తుంది. రెండో నంబరు, నాలుగో నంబరు వంతెన చివర బండరాయి వెనక ఊపిరి బిగబట్టి పడుకున్నారు. శత్రువులు ఇరవై అడుగుల దూరంలో నడిచి వెళ్తున్నారు, దాదాపు దాటిపోయారు కూడా. అంతలో ఆ మంచుకొండల నిశ్శబ్దంలో, రాయి వెనక నుంచి కుక్కర్ మూడు కూతలు కూసింది.

ఇద్దరూ పోయారు.

"గా కుక్కర్ బంద్ జేసి కూసోమని పొద్దుగాల్నే జెప్పిన గదనే," అన్నాడు రేడియోలో మూడో నంబరు వైద్యుడు. "ఏం వండుతున్రు?"

"మాట్లాడకండి అన్నా, చచ్చిపోయాను," అన్నాడు రెండో నంబరు. చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. మార్కులు తగ్గాయి.

వైద్యుడు ఊరుకోలేదు. వారమంతా తిరస్కరించినవన్నీ గుర్తొచ్చాయో ఏమో, ఒక్క ప్రాణమైనా నిలబెడతానని, ఇంకా కొన ఊపిరి ఉందేమోనని నాలుగో నంబరు వైపు పాక్కుంటూ వెళ్ళి, దారిలోనే పోయాడు. ఐదో నంబరుకి మంచినీళ్ళ క్యాన్ వచ్చింది. వాళ్ళింట్లో బెల్ మోగితే 'ఆయా భయ్యా' అంటూ లేచిపోయాడు, ఆటలో వాడి మనిషి రోడ్డు మధ్యలో బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. శత్రువు కాసేపు అనుమానించి, ఇదేదో ఎత్తుగడ అనుకుని, చివరికి కాల్చాడు. ఆరో నంబరు సొసైటీలో కరెంటు పోయింది. జనరేటరు అందుకునే లోపల మనిషి అందకుండా పోయాడు. ఏడో నంబరు గ్రెనేడు పిన్ను పీకాడు, విసిరే బటన్ ఏదో మరిచిపోయాడు, మాన్యువల్ తెరిచాడు. విషయసూచిక దాకా చదివినట్టున్నాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు నేను పొదలో ఉన్నాను. నవ్వాలి కదా. మొదటి అరగంట నవ్వాను కూడా. తర్వాత ఎప్పుడు ఆపేశానో తెలియదు. ఆటలో వాన మొదలైంది. వాగు నీళ్ళు కొంచెం కొంచెం పెరుగుతున్నాయి. హెడ్‌ఫోన్లలో, సరిగ్గా నా నెత్తిమీద, వంతెన చెక్కల మీద ఎవరో నడిచారు. ఒక బూటు, ఇంకో బూటు. ఆగింది. నేనూ ఊపిరి ఆపాను. అల్పమైన ఒక ఈగ వచ్చి నా ముక్కు మీద వాలింది. అది ఆటలో ఈగో మా ఇంటి ఈగో చెప్పలేను. తోలలేదు.

మా ఆవిడ టీ తెచ్చింది. "కాళ్ళెందుకండీ కుర్చీ మీదకి ఎత్తుకున్నారు?"

మైకు మూసి, గుసగుసగా చెప్పాను. "నీళ్ళొస్తున్నాయి."

ఆవిడ టేబుల్ కిందకి వంగి చూసింది. మా ఇందిరాపురంలో నీళ్ళు రావడం చూసి ఎన్నేళ్ళయిందో, పాపం ఆశపడింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు ఇక్కడ వర్ణించను.

చివరికి లారీలు వచ్చాయి. వంతెన ఊగింది. ఒకటి, రెండు, మూడు, దాటిపోయాయి. దాటిన మరుక్షణమే కాల్పులు మొదలయ్యాయి. వాగు అవతలి ఒడ్డున, ఒక రాతి పక్కన, మా వాడి మనిషి కూలబడటం పొద సందుల్లోంచి కనిపించింది. రేడియో గరగరమంది.

"బావగారూ, కాలికి తగిలింది. నడవలేను. మీరొక్కరే మిగిలారు. మీకు వీలైతే... పెట్టె ట్రక్కు దగ్గరకి చేర్చగలరేమో చూడండి. తొమ్మిది నిమిషాలే ఉన్నాయి."

"నేనొచ్చి కట్టు కడతాను."

"వద్దండి. మధ్యలో మెషిన్ గన్ ఉంది. ఇద్దరం పోతాం."

వెనక నుంచి మా ఆవిడ తెర మీదకి వంగింది. "ఆ రాయి పక్కన పడున్నది మా వాడేనా?"

"వాడే."

"రక్తం కారుతోందేంటండీ. వెళ్ళి తీసుకురండి."

నా ముందు రెండు దారులున్నాయి, రెండూ తప్పే. ట్రక్కుకి వెళ్తే భార్య ముందు ఆవిడ తమ్ముణ్ణి వదిలేసినట్టు. వాడి దగ్గరికి వెళ్తే పెట్టె పోతుంది, దళం పోతుంది, ఆ ఆరుగుర్నీ పంచేస్తారు. ఇలాంటి స్థితిలో ప్రభుత్వోద్యోగి ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. కూర్చున్నాను.

"మీకు వీలైతే అన్నావు. వీలైతే అనేది ఉత్తర్వు కాదు," అన్నాను రేడియోలో. హాస్యానికే అలా అన్నానని తర్వాత అందరికీ చెప్పాను. నిజానికి కదలడానికి నాకు కాళ్ళు రాలేదు.

"బావగారూ, ప్లీజ్ అండి."

అదే గొంతు. నిక్కరు లాక్కుంటూ మంచం పక్కన నిలబడ్డ గొంతు.

"సాత్ మినట్," అంది ఫరీదాబాద్ దెయ్యం గాల్లోంచి. "కమాండర్ సాబ్, ఆప్ కమాండ్ కర్ రహే హైఁ యా మనా రహే హైఁ?"

నువ్వు ఆజ్ఞాపిస్తున్నావా, అలిగినవాణ్ణి బుజ్జగిస్తున్నావా అని అడిగాడన్నమాట. ఆ ఫరీదాబాద్ ఆయనకి మా అలకపాన్పు సంగతి ఎవరు చెప్పారో.

రేడియోలో ఒక గొంతు వినిపించింది. ఎవరిదో నేను వెంటనే పోల్చుకోలేదు.

"ఎనిమిదో నంబర్. కమాండర్ని మాట్లాడుతున్నాను. లేవండి. పెట్టె ట్రక్కుకి చేర్చండి. నా వైపు రావద్దు. ఇది రిక్వెస్ట్ కాదు."

అందులో బావగారూ అనే మాట లేదు. ఇరవై ఆరేళ్ళలో బావగారూ అనకుండా వాడు నాకు చెప్పిన మొదటి పని అది.

నేను లేచాను. ఆటలో లేవమంటే కుర్చీలోంచి కూడా లేచాను. హెడ్‌ఫోన్ల వైరు తగిలి టీ కప్పు దొర్లి, టీ ఆవకాయ జాడీ దాకా పారింది. "సరే సార్," అన్నాను. జాయింట్ సెక్రటరీ గారితో రోజుకి నలభైసార్లు అంటాను ఆ మాట. ఒక్కసారి కూడా నా నోట అలా పలకలేదు.

"వదిలేసి వెళ్ళిపోతున్నారా వాణ్ణి?" అంది మా ఆవిడ.

"ఆర్డరు."

"ఎవడి ఆర్డరు?"

"వాడిదే."

ఆవిడ గబగబా బాల్కనీలోకి వెళ్ళింది. ఎదురు టవర్లో, నాలుగో అంతస్తు కిటికీలో, మంకీ క్యాప్ పెట్టుకున్న తలకాయ కనిపించేదాకా అక్కడే నిలబడి చూసింది. కనిపించాక కూడా లోపలికి రాలేదు.

నేను నిలబడే పరిగెత్తాను, రెండు వేళ్ళతో. కొండ, బురద, విరిగిన కంచె. వెనక అవతలి ఒడ్డు మీద రెండు కాల్పులు వినిపించాయి. తర్వాత వినిపించలేదు. తిరిగి చూడకూడదని నాకెవరూ చెప్పలేదు, అయినా చూడలేదు. ట్రక్కు కనిపించింది. ఎక్కేసరికి గడియారంలో నలభై సెకన్లు మిగిలి ఉన్నాయి. అప్పుడుగానీ కుర్చీలో కూర్చోలేదు.

పరిశీలకుడు తీర్పు చెప్పాడు. కుక్కరుకి మార్కులు పోయాయి, నీళ్ళ క్యానుకి పోయాయి, చచ్చాక మాట్లాడినందుకు పోయాయి. కానీ దళంలో ఒక్క జవాను గంటన్నర పైగా పోస్టు వదలకుండా కూర్చున్నాడట, ఆర్డర్ రాగానే కమాండర్ని కూడా వెనక వదిలి కదిలాడట. "అంకుల్ జీ కా డిసిప్లిన్ దేఖో," అన్నాడు అందరితో. దళాన్ని ఆరు నెలల ప్రొబేషన్ మీద ఉంచారు. ఎవర్నీ పంచలేదు. ఇరవై ఏడేళ్ళుగా నేను మా ఆఫీసులో ఇంతకంటే బాగా కదలకుండా కూర్చుంటున్నాను. ఒక్కడూ గుర్తించలేదు.

బావమరిది ఆ రాత్రి భోజనానికి మా ఇంటికే వచ్చాడు. టేబుల్ మీద వైర్లు పక్కకి నెట్టి, పళ్ళేలు పెట్టింది మా ఆవిడ. వాడికి గుత్తివంకాయ, నాలుగు గరిటెల నెయ్యి. నాకు మధ్యాహ్నం మిగిలిన చిక్కుడుకాయ. వాడు కుర్చీ లాక్కుని కూర్చుంటుంటే, "కాలెలా ఉందిరా?" అని అడిగి, నాలుక్కరుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వాడు నా వైపు చూడకుండా అన్నం కలుపుకుంటున్నాడు. ఫోను అదేపనిగా మోగుతోంది. ఆరుగురూ మెసేజీలు పెడుతున్నారు, వచ్చే ఆదివారం ఎన్నింటికి రావాలని. ఒక్కోదానికీ ఎడమచేత్తో జవాబిస్తున్నాడు.

"బావగారూ, మీకు ఇబ్బంది లేకపోతే ఆ జాడీ..." అన్నాడు.

నేను జాడీ మీద చెయ్యేసి కూర్చున్నాను. కదల్లేదు.

వాడు తలెత్తి నన్ను చూశాడు. జాడీని చూశాడు. ఫోను బోర్లా పెట్టాడు.

"జాడీ ఇటివ్వండి," అన్నాడు.

ఇచ్చాను. మూత తీసి మరీ ఇచ్చాను. అందులో ముక్కలు అయిపోయి మూడు రోజులైంది, అడుగున నూనె తప్ప ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ పైవాళ్ళ ఉత్తర్వుని ప్రశ్నించడం మా సర్వీసులో లేదు.